తాజంగి చెరువు దగ్గర ఒక రాత్రి: విశాఖ నుంచి ఇద్దరికి నాలుగు వేలలోపు

మా ఆయనది పరవాడలో షిఫ్టు డ్యూటీ, వారంలో సెలవు మంగళవారం. నేను గోపాలపట్నంలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆదివారం నాకు ఊపిరి సలపదు, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లందరూ కొలతలివ్వడానికి ఆ రోజే వస్తారు. ఆయన సెలవు నాకు కుదరదు, నా తీరిక ఆయనకి కుదరదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఇద్దరం కలిసి ఊరు దాటింది పెళ్లిళ్లకీ, చావులకీ, పండగలకీ. ఒక్క రాత్రయినా మా కోసమే ఎక్కడికైనా వెళ్లి రావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ ఉండేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడు తెలియక తప్పు చేశాం. రెండోసారి సరిగ్గా వెళ్లాం. ఆ రెండోసారి ఏం చేశామో, మీరు వెళ్లాలంటే ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

మేం వెళ్లింది లంబసింగి పక్కనున్న తాజంగి రిజర్వాయరుకి. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. లంబసింగి జంక్షన్ నుంచి ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. చుట్టూ అడవి కొండలు, మధ్యలో కదలని నీళ్లు. మన ఊరి వాళ్లు లంబసింగి అనగానే మంచు చూసొస్తారు, తాజంగి గట్టు మీద ఒక ఫొటో దిగొస్తారు. ఆ గట్టు దగ్గర సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున్న దాకా ఉండేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఉండాల్సింది ఆ వేళలోనే. ఒకే చోటు, ఒకే రాత్రి పెట్టుకోండి. అయిదు చోట్లు చూడాలని బయల్దేరితే ఒక్కటీ చూడరు, ఒకరినొకరు కూడా చూసుకోరు.

అర్ధరాత్రి ప్రయాణం వద్దు

మన విశాఖలో ఒక అలవాటుంది. శనివారం రాత్రి ఒంటిగంటకి బళ్లు తీసి, తెల్లారేసరికి లంబసింగి దగ్గర చెరువులవేనం కొండెక్కి, కింద తేలుతున్న మేఘాలు చూసి, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరిపోవడం. గది అద్దె మిగులుతుందని అందరూ అలాగే వెళ్తారు. మేమూ మొదటిసారి అలాగే వెళ్లాం. ఆయన బి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, కన్ను మూయకుండా బండి తీశారు. ఘాట్ ఎక్కేసరికి మంచులో ముందు చక్రం తప్ప ఏమీ కనపడలేదు. పైకి చేరాక ఆయన హెల్మెట్ బకిల్ తీసుకోలేకపోయారు, వేళ్లు అంతలా బిగుసుకుపోయాయి. నేను తీశాను. ఆ చేతులు పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసులా ఉన్నాయి. కొండ మీద జనం భుజాల సందులోంచి మేఘాలు చూశాం. పగలు కాసేపు పడుకోవడానికని ముందే ఫోన్లో మాట్లాడి 500 అడ్వాన్సు పంపిన గదికి వెళ్తే, "వేరేవాళ్లకి ఇచ్చేశామండీ" అన్నారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. నిద్ర లేక, ఆకలితో, దారంతా ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ వచ్చాం. అనకాపల్లి దాటాక ఆయన బండి ఆపి, "నిద్రొస్తోంది, పది నిమిషాలు పడుకుంటాను" అని హైవే పక్కన చెట్టు కింద పడుకున్నారు. ఆ పది నిమిషాలూ నాకు చాలా భయమేసింది. షిఫ్టు దిగినవాళ్లు అదే రాత్రి ఘాట్ ఎక్కకూడదు. గది అద్దె మిగుల్చుకోవాలంటే వేరే దారులున్నాయి, అవి కింద రాస్తాను.

ఏ రోజు, ఏ నెల

మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. ఆయన వీక్లీ ఆఫ్ మంగళవారం కావడం ఇన్నాళ్లూ మాకు శాపం అనుకున్నాను, ఈ విషయంలో అది వరమైంది. శని ఆదివారాల్లో రెట్టింపు చెప్పే గది మాకు 1,200కే దొరికింది. ఆయన మంగళవారానికి ఒక్క సీఎల్ (క్యాజువల్ లీవు) కలుపుకున్నారు. సోమవారం డ్యూటీ దిగి, రాత్రి ఇంట్లో నిండా నిద్రపోయారు. బాబుని అత్తయ్యకి అప్పజెప్పాం. "రెండ్రోజులే కదమ్మా, నేను చూసుకుంటాను, ఫోన్లు చేసి వాణ్ని ఏడిపించకండి" అన్నారావిడ. ఆ మాటతో నా మనసు సగం తేలికపడింది. పిల్లలున్నవాళ్లు ముందు చూసుకోవాల్సిన ఏర్పాటు ఇదే, గది బుకింగ్ తర్వాత.

చలి కావాలంటే నవంబరు చివరి నుంచి జనవరి ఆఖరు దాకా. లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం రాత్రుల్లో చాలాసార్లు పది డిగ్రీల లోపే ఉంటుంది, కొన్ని రోజులు సున్నా దగ్గరికి వెళ్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందట. వలిసె పూలు చూడాలంటే నవంబరు, డిసెంబరు. పొలమంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. స్ట్రాబెర్రీలు డిసెంబరు నుంచి వస్తాయి. చలి పడనివాళ్లు మార్చి, ఏప్రిల్లో వెళ్లొచ్చు, నాలుగు చినుకులు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, మల్లెపూల వాసన వేస్తుంది. వానాకాలం పచ్చగా ఉంటుందంటారు కానీ ఘాట్ రోడ్డు మీద రాళ్లు జారతాయి, దోమలూ జ్వరాలూ ఎక్కువ. జంటగా బండి మీద వెళ్లేవాళ్లకి నేను వానాకాలం చెప్పను.

గది మాట్లాడేటప్పుడు

తాజంగి, లంబసింగి చుట్టుపక్కల టెంట్లున్నాయి, ఊరివాళ్లు ఇంటి వెనక వేసిన గదులున్నాయి. టెంటు చవక, ఫొటోలో బాగుంటుంది. కానీ డిసెంబరు రాత్రి మంచుకి గుడ్డ లోపలివైపు నీళ్లు పట్టి, మూడు గంటల వేళ నుదుటి మీద చుక్కలు పడతాయి. మా ఆయన తమ్ముడు, మా తోటికోడలు అలా పడుకుని దగ్గుతో తిరిగొచ్చారు. అయిదారు వందలు ఎక్కువైనా గోడలున్న గది తీసుకోండి.

ఫోన్లో ఇవి అడగండి. వేడినీళ్లు ఎన్నింటికి ఇస్తారు? చాలాచోట్ల గీజరుండదు, కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇస్తారు, అది చాలు, కానీ వేళ తెలియాలి. దుప్పట్లు మనిషికి ఎన్ని? రెండు కావాలి. బాత్రూము గదిలోనేనా, బయటా? రాత్రి భోజనం అక్కడే వండుతారా, ఎన్నింటికల్లా చెప్పాలి? ఇక చివరి మాట, అడ్వాన్సు. మొదటిసారి దెబ్బ తిన్నాక మేం నేర్చుకున్నదిది: అడ్వాన్సు కొంచెమే పంపి, ఏ తేదీకి, ఏ గదికి, ఎంతకి ఒప్పుకున్నారో మెసేజ్ పెట్టించుకోవాలి, బయల్దేరేముందు ఇంకోసారి ఫోన్ చేయాలి. వారం మధ్యలో అయితే అడ్వాన్సు లేకుండా నేరుగా వెళ్లినా గది దొరుకుతుంది, మధ్యాహ్నం లోపు చేరాలంతే. ఇద్దరి ఆధార్ కార్డులూ ఉంచుకోండి. పెళ్లి కాని జంటలు ఫోన్లోనే ఆ మాట చెప్పి కనుక్కుంటే మంచిది, రాత్రిపూట గుమ్మంలో మాటలు పడే పని ఉండదు.

ఏం పట్టుకెళ్లాలి

సంచి ఒక్కటే. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, సాక్సులు మనిషికి రెండు జతలు. బండి నడిపేవారికి గ్లోవ్స్ తప్పనిసరి. ఆయన చొక్కాకీ జర్కిన్‌కీ మధ్య గుండె మీద రెండు మడతల పాత పేపరు పెట్టాను. గాలి లోపలికి దూరదు, ఘాట్ అంతా ఆయనకి ఛాతీలో చలి తెలియలేదు. నేను సల్వార్ కింద లెగ్గింగ్ వేసుకున్నాను. చీర కట్టుకుని బండి మీద ఘాట్ ఎక్కొద్దు, చక్రంలో కొంగు భయం ఒకటి, కాళ్లకి చలి ఒకటి.

టార్చి, దోమల క్రీము, జ్వరం మాత్రలు, వాంతుల మాత్ర. నగదు కనీసం 2,500. కొండ మీద సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది, స్ట్రాబెర్రీలమ్మే ఆవిడ ఫోన్ పే బోర్డు పెట్టినా డబ్బు వెళ్లదు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడాలి. ఒక ఫ్లాస్కు పట్టుకెళ్లండి. మా సంచిలో అన్నిటికంటే పనికొచ్చింది అదే, ఎందుకో తర్వాత చెప్తాను.

దారి

పొద్దున్న అయిదున్నరకి బయల్దేరాం. గోపాలపట్నం వైపు వాళ్లకి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి. గాజువాక వైపు వాళ్లు లంకెలపాలెం మీదుగా వెళ్తారు. అనకాపల్లి దాటి హైవే మీదే కశింకోట, తాళ్లపాలెం. తాళ్లపాలెం జంక్షన్లో కుడివైపు తిరిగి మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం. నర్సీపట్నంలో ఆగి ఇడ్లీలు తిన్నాం, ట్యాంకు నిండా పెట్రోలు పోయించాం, ఏటీఎంలో డబ్బు తీశాం. ఈ మూడూ అక్కడే పూర్తి చేసుకోండి, పైకెళ్లాక వెతుక్కోవద్దు. చైన్, బ్రేకులు మాత్రం ముందురోజే మెకానిక్‌కి చూపించాలి.

నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పట్టుకుంటే డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. తొమ్మిది దాటాక ఎక్కితే మంచు పలచబడి ఉంటుంది. మంచులో హైబీమ్ వేయకండి. ఆ వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది, లోబీమ్‌తోనే రోడ్డు అంచు కనిపిస్తుంది. ప్రతి మలుపుకీ హారన్. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజనుతోనే వేగం ఆపుకోవాలి. అదేపనిగా బ్రేకు పట్టుకుని దిగితే అది వేడెక్కి పట్టు వదులుతుంది.

బండి లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. ద్వారకా బస్టాండు నుంచి నర్సీపట్నానికి బస్సులుంటాయి, అక్కడి నుంచి చింతపల్లి బస్సు లంబసింగి మీదుగానే వెళ్తుంది, జంక్షన్లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో మన రాష్ట్రం ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు కాబట్టి ఆ దారిలో ఒక్కరి ఛార్జీ మిగులుతుంది. ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉంచుకోండి. తిరుగు బస్సు వేళ వెళ్లగానే కనుక్కోవాలి. రైలనుకునేవాళ్లకి ఒక జాగ్రత్త: నర్సీపట్నం రోడ్ అన్న స్టేషను నర్సీపట్నంలో లేదు, ఊరికి చాలా దూరం. పేరు చూసి దిగిపోకండి.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆయన ఒక మాట చెప్పారు. ఈ మన్యంలో రోడ్లు వేయడానికి తెల్లదొరల కాలంలో గిరిజనులను సరైన కూలి ఇవ్వకుండా వాడుకున్నారట. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి అదొక కారణం. చింతపల్లి పోలీస్ స్టేషను మీద సీతారామరాజు దాడి చేసింది ఆ ఏడాది ఆగస్టు 22న. ఆ మాట విన్నాక ఆ మలుపుల్లో నేను ఊరికే ఫొటోలు తీసుకుంటూ కూర్చోలేకపోయాను.

చెరువు దగ్గర

పదిన్నరకి తాజంగి చేరాం. గదిలో సంచి పడేసి, వేడినీళ్లతో కాళ్లు కడుక్కుని, గంటసేపు నిద్రపోయాం. వెళ్లగానే ఎక్కడికీ పరిగెత్తకండి. ఆ నిద్ర ఖర్చు లేని సుఖం.

మధ్యాహ్నం పూట చెరువు దగ్గర జనం ఉంటారు. బోటు ఎక్కాలంటే అప్పుడే ఎక్కేయండి, లైఫ్ జాకెట్ ఇచ్చి బకిల్ పెట్టిస్తేనే కూర్చోండి. బిగిస్తే పట్టీ ఊడేలా ఉన్న జాకెట్ నాకిచ్చారు. నేను కుట్టుపని చేసేదాన్ని, కుట్టు వదిలిన పట్టీని వెంటనే గుర్తుపట్టాను, వేరేది అడిగి తీసుకున్నాను. మీరూ లాగి చూసుకోండి. నీళ్లలో మాత్రం దిగొద్దు. అది కట్ట కట్టిన నీరు, ఒడ్డున అడుగుకి తెలియకుండా లోతు వస్తుంది, అడుగున బురద.

నాలుగున్నర దాటాక వచ్చినవాళ్లు తిరుగుముఖం పడతారు, చీకటి పడకముందే ఘాట్ దిగాలి కదా. అప్పుడు వెళ్లి గట్టు మీద కూర్చోండి. మేం ఫ్లాస్కులో అల్లం టీ పోయించుకుని, వేయించిన వేరుశనగలు పొట్లం కట్టించుకుని వెళ్లాం. కొండ నీడ అవతలి ఒడ్డు నుంచి నీళ్ల మీదకి జరుగుతూ వచ్చి మా కాళ్ల దగ్గరికి చేరడానికి దాదాపు గంట పట్టింది. ఆ గంటలో ఆయన తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు. తొమ్మిదేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో టీవీ, కుక్కరు, బాబు హోంవర్కు, నా మిషను చప్పుడు. వాటి మధ్య అంత పొడవు మాట చెప్పే చోటే లేదు. ఆ సంగతి ఏమిటో ఇక్కడ రాయను. ఫోన్లు మాత్రం గదిలో వదిలేసి వెళ్లండి. బాబుతో ఒకసారి ఏడింటికి మాట్లాడదామని ముందే అనుకున్నాం, అందుకే మధ్యలో మనసు లాగలేదు.

పొద్దు గుంకగానే చలి ఒక్కసారి దిగుతుంది. ఆరింటికల్లా గదికి వచ్చేయండి. మంట కావాలంటే ఇంటివాళ్లనే వేయమనండి, అడవిలో పుల్లలు ఏరి సొంతంగా వేయకండి. రాత్రికి మేం బొంగులో చికెన్ చెప్పుకున్నాం. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడితోనే ముక్క ఉడుకుతుంది, నూనె అక్కర్లేదు. దానికి సమయం పడుతుంది, అందుకే మధ్యాహ్నమే చెప్పి పెట్టుకోవాలి. రోడ్డు పక్కన అప్పటికప్పుడు వేడి చేసి ఇచ్చేదానికీ, మన ముందు కాల్చినదానికీ వాసనే వేరు. ఇద్దరికి అరకిలో చాలు.

తెల్లవారుజాము

చెరువులవేనం వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. బాగుంటుంది, కాదనను. రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయలోకి జారి అక్కడే నిలిచిపోతుంది, అందులోని తేమ మంచుగా మారి లోయ నిండుతుంది. కొండ మీద నిలబడ్డవాళ్లకి ఆ మంచు కాళ్ల కింద పాలసముద్రంలా కనిపిస్తుంది. ఎండెక్కాక విడిపోతుంది. అది చూడాలంటే నాలుగున్నరకి లేచి, చీకట్లో వెళ్లి, చివర్లో ఎక్కుడు ఎక్కాలి. మాకు ఒక్క రోజే ఉంది, మేం వెళ్లలేదు. చెరువు దగ్గరే ఉన్నాం.

ఆరుంపావుకి దుప్పట్లు కప్పుకునే గట్టు మీదకి నడిచాం. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. పొయ్యి మీద పాలు పొంగడానికి ముందు, అంచుల నుంచి సన్నగా కదిలే ఆవిరి చూశారా, అచ్చం అలా. పగలంతా ఎండ తాగిన నీళ్లు తెల్లవారుజామున గాలి కంటే వెచ్చగా ఉంటాయి, అందుకే చెరువు పొగలు కక్కుతుంది. ఆ పొగ నిలబడి ఉండదు, చిన్న చిన్న తీగల్లా మెలిపడి, కొంచెం దూరం నడిచి మాయమవుతుంది. ఎదురు కొండ కనిపించదు. ఎక్కడో ఒక కోడి, ఇంకెక్కడో గొడ్డలి దెబ్బ, అంతే చప్పుడు. ఆరున్నర దాటాక ఎదురు కొండ నెత్తి మీద ఎండ పడింది, చెట్టు చెట్టూ విడివిడిగా పైకి తేలింది. ఆయన దుప్పటి అంచు నా మీదకి లాగారు. మేం అరగంట ఏమీ మాట్లాడుకోలేదు. ఫ్లాస్కులో రాత్రి పోయించుకున్న వేడినీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి, కాఫీ పొడి, పంచదార కలుపుకుని తాగాం. ఫ్లాస్కు అందుకే చెప్పాను, ఆ వేళకి అక్కడ ఏ టీ కొట్టూ తెరవదు.

ఎనిమిదింటికి వేడినీళ్ల స్నానం, ఉప్మా. తర్వాత కాఫీ తోటల పక్కన కాలిబాట మీద గంటసేపు నడిచాం. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఒకే నేల మీద మూడంతస్తుల పంట. పండిన కాఫీ కాయ ఎర్రగా రేగిపండులా ఉంటుంది. కోయకండి, అది వాళ్ల కూలి డబ్బు. తోటలోకి వెళ్లాలంటే అడిగి వెళ్లండి. మనుషుల ఫొటోలు కూడా అడిగే తీయండి. మొహం మీద కెమెరా పెట్టేసరికి కుండతో వస్తున్న ఒక పెద్దావిడ కొంగు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకోవడం చూశాను. మన గుమ్మం ముందుకొచ్చి ఎవరైనా అలా తీస్తే మనం ఊరుకుంటామా? అలాగే మనం తాగిన నీళ్ల సీసా, చిప్స్ కవరు మన సంచిలోనే కిందకి రావాలి. ఆ చెరువు గట్టు మీద పేపరు ప్లేట్లు చూసి నాకు చాలా బాధేసింది, దొరికినన్ని ఏరి ఒక కవర్లో వేశాం.

కొనేవి, ఖర్చు

స్ట్రాబెర్రీలు రోడ్డు పక్కన కంటే తోట దగ్గర కొనండి. ఒకావిడ గట్టు మీద కూర్చుని పళ్లు ఏరుతోంది. తొడిమ దగ్గర తెల్లగా ఉన్నవి ఒక పక్క, నిండా ఎర్రనివి ఒక పక్క. "దూరం పోతారా, ఇప్పుడే తింటారా?" అని అడిగింది. దూరం అన్నాను. తెల్ల తొడిమవి పెట్టెలో సర్ది ఇచ్చింది, ఎర్రవి నాలుగు చేతిలో పెట్టి తినమంది. తీయటి పండు ప్రయాణానికి ఆగదు. పెట్టె సంచి అడుగున పెట్టొద్దు, వెనక కూర్చున్నవారి ఒళ్లోనే రావాలి, మర్నాటికల్లా తినేయాలి. మిరియాలు, కాఫీ పొడి, రాజ్మా కూడా అక్కడ పండేవే, ఇంటికి పనికొస్తాయి.

మా ఖర్చు ఇది. గోపాలపట్నం నుంచి వెళ్లి, తిరిగి, వచ్చేసరికి బండి దాదాపు 290 కిలోమీటర్లు తిరిగింది, పెట్రోలు 660. గది 1,200. తిండి, టీలు 980, అందులో పెద్ద ఖర్చు బొంగులో చికెనే. బోటు, పార్కింగు 260. కొన్నవి 520. మొత్తం 3,620. తగ్గించుకోవాలంటే కొనేవి, బోటు తగ్గించండి, గదిలోనూ తిండిలోనూ తగ్గించకండి. నేను మూడు నెలలు జాకెట్ కుట్టు కూలిలోంచి రోజుకి 40 ఒక డబ్బాలో వేశాను, అదే ఈ డబ్బు.

ఇక రాత్రి ఉండడానికి అసలు వీల్లేని జంటలకి రెండు దగ్గరి చోట్లు. అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ, తాటి దుంగలు జత కట్టిన దోనె మీద తామరల మధ్యకి తీసుకెళ్తారు. ఇంకోటి గోస్తనీ నది మీద తాటిపూడి రిజర్వాయరు, విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో అక్కడివీ ఉన్నాయి. రెండూ పొద్దున్న వెళ్లి సాయంత్రానికి రావచ్చు.

తిరుగుదారి

పదకొండింటికి దిగడం మొదలుపెట్టాం. ఏజెన్సీ నుంచి గంజాయి తరలుతోందని దారిలో చెక్‌పోస్టుల దగ్గర పోలీసులు బళ్లు ఆపి చూస్తారు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు పైజేబులో ఉంచుకుని సంచి విప్పి చూపించండి, రెండు నిమిషాల పని. ఎవరైనా "ఈ సంచి నర్సీపట్నంలో ఇచ్చేయండి" అంటే ఎంత మంచిగా అడిగినా తీసుకోకండి. ఓపికుంటే కృష్ణదేవిపేట వెళ్లి అల్లూరి సమాధి చూడొచ్చు, 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపాక అక్కడే దహనం చేశారు. అది వేరే దారి, సమయం పడుతుంది. మేం ఈసారి వెళ్లలేకపోయాం, బాబు స్కూలు నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉంటామని వాడికి మాటిచ్చాం. అనకాపల్లిలో ఆగి అత్తయ్యకి కిలో బెల్లం కొన్నాం. మూడుంపావుకి ఇల్లు చేరాం.

ఇంకొక్కటి. వచ్చిన రెండు మూడు వారాల్లో ఇద్దరిలో ఎవరికైనా చలిజ్వరం వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకండి. ఏజెన్సీలో ఒక రాత్రి ఉండి వచ్చామని డాక్టరుకి చెప్పి, ఆ రోజే మలేరియాకి రక్తపరీక్ష చేయించుకోండి.